జమా-ఖర్చు: అద్దె కారు, అమ్మ అడిగిన ఊరు

"సంతకం పెట్టేముందు ఒకసారి చదువుకోండి సార్" అని బ్యాంకుకు వచ్చిన వాళ్లందరికీ ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. సంతకం పెట్టాల్సిన వాణ్ణి నేనే అయితే ఏం చేస్తానో మొన్న దసరా సెలవుల్లో తెలిసింది.

మా నాన్నగారు కె.జి.ఎఫ్.లో, చాంపియన్ రీఫ్ గనిలో టైంకీపరు. ఎనభై దాటిన మా అమ్మకు ఆ ఊరు మళ్లీ ఒకసారి చూడాలని కోరిక. బెంగళూరు నుంచి మారికుప్పానికి రైలున్నా, ఆమె ఇప్పుడు ఆ మెట్లు ఎక్కలేదు. బదిలీల ఉద్యోగంలో నేను సొంత కారు కొనలేదు. అందుకని మనమే నడుపుకునే అద్దె కారు ఒకటి రెండు రోజులకు తీసుకున్నాను.

ఇలాంటి అద్దె కార్ల కోసం కేంద్ర ప్రభుత్వం 1989లోనే ఒక స్కీము తెచ్చింది. వీటి నంబరు పలక నల్లగా, అక్షరాలు పసుపుగా ఉంటాయి. చవకగా వస్తోంది కదా అని తెల్ల పలక ఉన్న సొంత బండిని ఎవరి దగ్గరైనా అద్దెకు తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. ఈ సంగతి నాకు తెలుసు గనుక పలక చూసే తీసుకున్నాను. గోడౌన్‌లో సరుకు తనిఖీ చేసినట్టు కారు చుట్టూ తిరిగి ప్రతి గీతనూ ఫోటో తీశాను. కిలోమీటర్లు, పెట్రోలు మట్టం రాసుకున్నాను. ఎండ ఎక్కుతోంది, అమ్మ అప్పటికే కారులో కూర్చుంది. నాలుగు పేజీల ఒప్పందం మీద మాత్రం చదవకుండానే సంతకం పెట్టేశాను.

హోస్కోటె దాటి, కోలారులో కోలారమ్మ దర్శనం చేసుకుని రాబర్ట్‌సన్‌పేట చేరాం. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సైనైడ్ దిబ్బలు మాత్రం అలాగే ఉన్నాయి. మేమున్న క్వార్టర్సు ఎటువైపో అమ్మ తడుముకోకుండా చూపించింది. తర్వాత మెల్లగా అడిగింది: "ఏమప్పా, ఇంత దూరం వచ్చినాము. కుప్పం పోయి అక్కను చూసి వద్దామా?"

తుంటి ఎముక విరిగి పెద్దమ్మ రెండు నెలలుగా మంచం మీద ఉంది. సరేనని, ఎందుకో అనుమానం వచ్చి అప్పుడు తీశాను ఆ కాగితాలు. కర్ణాటక దాటాలంటే ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలట. లేకపోతే ఏ నష్టం జరిగినా పూర్తి బాధ్యత మనదేనట. ఫోన్ చేశాను. "నిన్న అడిగుంటే వెంటనే రాసిచ్చేవాళ్లం సార్. ఈరోజు పండగ, సంతకం పెట్టేవాళ్లు లేరు" అన్నాడు అవతలి అబ్బాయి.

అమ్మను పక్కన పెట్టుకుని తెగించలేకపోయాను.

"ఈ పక్కా తెలుగే, ఆ పక్కా తెలుగే. మీ నాయన సైకిలు మీద పోయి వస్తా ఉండె. ఏ కాగితమూ ఎవురూ అడగలా" అంది అమ్మ. కోలారు దాకా మళ్లీ మాట్లాడలేదు.

కారు అప్పగించేటప్పుడు వెనక తలుపు మీద గీత చూపించి డబ్బు కోయబోయారు. నా ఫోటోలు చూపించాను. నాలుగో రోజుకు డిపాజిట్ మొత్తం వెనక్కి వచ్చింది. లెక్క ప్రకారం నాకు ఒక్క రూపాయి నష్టం లేదు.

రెండు ఆదివారాలు గడిచాక, స్టేషనులో చక్రాల కుర్చీ ఏర్పాటు చేసుకుని, కూలీ సాయంతో అమ్మను రైలెక్కించి కుప్పం తీసుకెళ్లాను. పెద్దమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని, "పండగకు కె.జి.ఎఫ్. దాకా వచ్చినారంట. ఇట్లా వస్తారని దారి చూస్తా ఉంటిని" అంది. నేను తల వంచుకున్నాను. అమ్మ నా వైపు చూడకుండానే, "బండి చెడిపోయిందక్కా" అంది.

కాబట్టి మిత్రులారా, అద్దె కారు తీసుకునే ముందు నంబరు పలక చూడండి, ఫోటోలు తీయండి, మన మీద పడే నష్టపరిహారం ఎంత వరకో అడగండి. వాటన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్లను "ఇంకా ఎవరినైనా చూడాలనుందా?" అని అడగండి. వాళ్లు చెప్పే ఊరు సరిహద్దుకు అవతల ఉంటే, ఆ ఊరి పేరు కూడా కాగితం మీద రాయించుకుని బయలుదేరండి.