ఏ చెరువు?

మిత్రులు కోప్పడినా సరే, ఒక సంగతి ఒప్పుకుంటాను. మొదటి సంవత్సరం పర్యావరణ పాఠానికి నేనిచ్చిన ఫీల్డ్ రిపోర్టు నాది కాదు. ఒక సీనియర్ గారి రికార్డును నారాయణగూడలో జిరాక్సు తీయించి, దాన్ని చూసి దించాను. నా సొంతం అట్టమీది పేరూ, రోల్ నంబరూ మాత్రమే. అందులో ఒక చెరువుంది. తామరపూలు, కప్పలు, కొంగ, అన్నీ ఉన్నాయి. ఊరి పేరు లేదు. మార్కులు బాగానే పడ్డాయి.

సెలవుల్లో ఇంటికి పోతే బాపు అడిగిండు.

"ఏం రాసినవురా?"

"చెరువు గురించి రాసిన బాపూ."

"ఏ చెరువు?"

నీళ్ళు నమిలాను.

ఈ పాఠం ఎవరి సరదాకో పెట్టింది కాదు. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పింది, 2003లో మళ్ళీ గట్టిగా చెప్పాల్సొచ్చింది. యు.జి.సి. అప్పట్లో తయారుచేసిన సిలబస్సులో నూటికి 25 మార్కులు ఫీల్డు పనికే ఉండేవి. దగ్గర్లోని నదో కొండో చూడండి, కలుషితమైన చోటుకు పోయి రండి అని అందులో ఉంది. పోయినట్టు కాగితం ఉంటే చాలు అన్నది మనం కనిపెట్టిన సందు. అశోక్‌నగర్‌లో నా గదికి కూతవేటు దూరంలోనే హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళ నాలా పారుతుంది. ఆ వాసనకు కిటికీ మూసుకుని మరీ తామరపూలకు రంగులేశాను!

మాది నల్లగొండ జిల్లా. భగీరథ నీళ్ళొచ్చాక తాగడానికి బోరు మానేశాం గాని, ఫ్లోరైడుకు వంగిన మా పెద్దమ్మ నడుము మళ్ళీ లేవలేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతి ఒకటుంది. నాగపూర్ 'నీరి' సంస్థ రూపొందించిన దాని పేరే 'నల్లగొండ పద్ధతి'. టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. కెమిస్ట్రీ చదివే నాకు ఆ సంగతి చిక్కడపల్లి లైబ్రరీలో, అదీ వేరే పుస్తకం వెతుకుతుంటే తెలిసింది.

"మెయిన్ సబ్జెక్టు కాదు కదా, టైం వేస్టు" అంటారు మనవాళ్ళు. అదే పర్యావరణం గ్రూప్-1 సిలబస్సులో కనిపిస్తే ఫీజు కట్టి మరీ కోచింగ్‌లో వింటారు. లెక్చరర్లనూ పూర్తిగా తప్పుపట్టలేను. బల్లమీద రికార్డుల గుట్ట, అన్నిటిలో అదే కొంగ. ఎంతని చదువుతారు?

అందుకే లావుపాటి రికార్డు వద్దని నా మనవి. చూసిన చోటు, తారీఖు వేసి సొంతంగా రాసిన రెండు పేజీలు చాలు. ఎవరి ఊరి నీళ్ళ గురించి వాళ్ళను రాయనివ్వండి. తీసుకునేటప్పుడు మా బాపు అడిగిన ప్రశ్న ఒక్కటి అడగండి.

దసరాకు పోయినప్పుడు మా బోరునీళ్ళు ఒక సీసాడు తెస్తాను. ల్యాబ్‌లో పరీక్ష చేసుకోనిస్తే చాలు, మార్కులు అక్కర్లేదు.