ఉప్పు తగ్గితే రుచి తగ్గాలా?

దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న మగవాడు మొదటి ముద్ద నోట పెట్టుకుని అనే మాట తరచుగా 'నమక్ కమ్ హై' అనేదే. ఆ మాటతో నమక్‌దాన్ చేతులు మారుతుంది. వండిన ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది. మర్నాడు అడగకుండానే కూరలో మరో చిటికెడు పడుతుంది. అచ్యుతాపురం చుట్టుపక్కల ఇళ్లలో మేము చూస్తున్నది ఇది. విశాఖలోనూ, అనకాపల్లిలోనూ వేరుగా ఉంటుందని అనుకోము. ఈ చిన్న మాట వెనుక రక్తపోటు, పక్షవాతం పొంచి ఉన్నాయంటే నవ్వేసేవారు మనలో ఇంకా ఉన్నారు.

పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచాకు కాస్త తక్కువ. కూరలో వేసింది, పచ్చళ్లలో ఉన్నది, బేకరీ బిస్కెట్టులో కనబడకుండా ఉన్నది, అంతా కలిపి ఆ చెంచాలోకే రావాలి. మన దేశంలో సగటున రోజుకు 8 గ్రాములు తింటున్నామని 2023లో వెలువడిన జాతీయ సర్వే ఫలితాలు తేల్చాయి. ఆడవారికంటే మగవారే ఎక్కువ తింటున్నారట. అదే ఏడాది వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం పెద్దవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. ముగ్గురు కూర్చుని భోంచేస్తుంటే వారిలో ఒకరు రోగి అన్నమాట. ఆ ఒకరికి తన సంగతి తెలియకపోవడమూ కద్దు.

తెలిసిన ఇళ్లలో జరిగేది మరో ముచ్చట. డాక్టరు 'ఉప్పు తగ్గించండి' అనగానే అబ్బాజాన్‌కో, నానీమాకో వేరే గిన్నె మొదలవుతుంది. అందులో ఉప్పూ ఉండదు, కారమూ ఉండదు, పులుపూ ఉండదు. ఉడికించిన సొరకాయ, నీళ్లలాంటి పప్పు. ఎదురుగా మిగతావారు తలావా గోష్ తింటుంటే ఆ ముసలి ప్రాణం ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? పది రోజులకు దొంగచాటుగా ఆవకాయ ముక్క అందుకుంటుంది. డాక్టరు తగ్గించమన్నది ఉప్పును మాత్రమే. రుచిని వెలివేయమని ఆయన అనలేదు. మా అభిప్రాయంలో రోగికి వేరే గిన్నె పెట్టడమే అసలు పొరపాటు. ఇంటిల్లిపాది గిన్నెలోనే ఉప్పు తగ్గాలి. అబ్బాజాన్‌కు ఈరోజు వచ్చిన జబ్బు రేపు ఆయన కొడుకు గుమ్మం తొక్కకుండా ఉండటానికీ అదే దారి.

ఇక్కడ మదరసాలో చదివినవారిగా మేము ఒక మాట స్పష్టం చేయవలసి ఉంది. భోజనాన్ని ఉప్పుతో మొదలుపెట్టి ఉప్పుతో ముగించడం సున్నత్ అనీ, అందులో డెబ్బై రోగాలకు షిఫా ఉందనీ కొందరు పెద్దలు చెబుతుంటారు. అలా చెప్పే రివాయతును హదీసు పండితుడు ఇబ్నుల్ జౌజీ (మరణం క్రీ.శ. 1201) కల్పిత రివాయతులను ఏరి కూర్చిన తన 'అల్ మౌజూఆత్' గ్రంథంలో చేర్చారు. అంటే దానిని ప్రవక్త (స) మాటగా చెప్పడానికి ఆధారం లేదు. రక్తపోటు ఉన్న ముసలాయన అరచేతిలో ఉప్పు పోసుకుని నాకుతూ పుణ్యం వస్తుందనుకుంటే చూస్తూ ఊరుకోలేము. అదే సిర్కా సంగతి తీసుకోండి. దానిని ప్రవక్త (స) మంచి వ్యంజనంగా మెచ్చుకున్నట్టు సహీహ్ ముస్లింలో ఉంది. ఉప్పు తగ్గించిన వంటకు సిర్కా ఎంత ఆసరా ఇస్తుందో వండి చూసినవారికి తెలుస్తుంది.

భాష కూడా మనల్ని ఉప్పుకు కట్టిపడేసింది. ఉర్దూలో విశ్వాసపాత్రుడు నమక్ హలాల్, ద్రోహి నమక్ హరామ్. చక్కదనాన్ని చెప్పే 'మలాహత్' అనే మాట కూడా అరబ్బీలో ఉప్పుకు పేరైన 'మిల్హ్' నుంచి వచ్చిందే. తెలుగువారు పౌరుషం లేనివాడిని 'ఉప్పూ కారం తింటున్నావా' అని నిలదీస్తారు. ఉప్పు తక్కువైతే మర్యాదే తక్కువైనట్టు భావించడం ఇంత లోతుగా పాతుకుపోయింది. అందుకే మెహమాన్ వచ్చిన రోజున ఇల్లాలి చెయ్యి ఇంకాస్త బరువెక్కుతుంది.

ఇక వంట సంగతి. నాలుకకు ఉప్పు అలవాటు మాత్రమే. ఒక్కసారిగా సగం తగ్గిస్తే ఇంట్లో తిరుగుబాటు వస్తుంది. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ పోతే కొద్ది వారాలలో నాలుక సర్దుకుంటుంది, తర్వాత బయటి కూరే ఉప్పుగా తోస్తుంది. ముందు చేతి అందాజు మాని చెంచాతో కొలవాలి. లెక్క తేలికే. ఐదుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో తలకు రోజుకు 5 గ్రాములంటే నెలకు 750 గ్రాములు. కిలో ప్యాకెట్టు నెల తిరక్కుండానే అయిపోతుంటే, పైగా పచ్చళ్లు విడిగా కొంటుంటే, ఆ ఇల్లు హద్దు దాటినట్టే. పిల్లలకైతే ఇంకా తక్కువ చాలు.

తగ్గిన ఉప్పు చోటును నింపడంలో పులుపుదే మొదటి స్థానం. ఈ విషయంలో మన దక్కనీ వంట అదృష్టవంతురాలు. ఖట్టీ దాల్, టమాటే కా కట్, అంబాడే కా సాలన్, దాల్చా, అన్నీ పులుపు మీద నిలబడినవే. దాల్చానే చూడండి. శనగపప్పు, సొరకాయ, మాంసం ముక్కలు, చింతపండు రసం. మాంసంలో ముందే నీళ్లు పోసి ఉడికించేయకుండా దాని నీరు ఇగిరి ఎర్రబడే దాకా ఓపికగా భూనాలి. ఉల్లిపాయ బంగారు రంగుకు వేగాలి. చింతపండు చిక్కగా పడాలి. చివర ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకుతో బగార్ ఘుమఘుమలాడాలి. ఇన్ని జరిగాక ఎప్పుడూ వేసే ఉప్పులో మూడొంతులు వేసి చూడండి, అడిగేవారుండరు. ఉప్పు కూడా మొదట్లోనే అంతా పోయక సగం దించే ముందు వేయాలి. కుతకుతలాడే కూరను రుచి చూసి ఉప్పు చాలలేదనుకోవడం తొందరపాటు. కొంచెం చల్లారనిచ్చి చూడాలి.

మన పొరుగు హిందూ ఇళ్ల నుంచి నేర్చుకోదగినది ఒకటుంది. ఈ ఉత్తరాంధ్రలో పనసపొట్టు కూరకు, కందకు ఆవ పెడతారు. నూరిన ఆవాల ఘాటు ముక్కుకు తగిలితే ఉప్పు మీద ధ్యాస పోతుంది. నువ్వుల పొడీ అంతే. పులుసులో అనకాపల్లి బెల్లం చిన్న ముక్క వేస్తే పులుపూ కారమూ కుదురుకుంటాయి. షుగరు ఉన్నవారికి మాత్రం ఆ ముక్క వద్దు. బగారా అన్నంలో వేసిన ఉప్పంతా అన్నంలోనే ఇంకుతుంది కనుక పక్కన దాల్చా ఉన్నప్పుడు దానిలో తగ్గించడం సులువు. షాజీరా, లవంగం, దాల్చినచెక్క, పుదీనా ఇచ్చే వాసన ఎలాగూ ఉంటుంది.

కనబడని ఉప్పే కష్టపెడుతుంది. అంగడిలో దొరికే అల్లం వెల్లుల్లి ముద్ద నిలవ ఉండటానికి ఉప్పు కలుపుతారు. ఇంట్లో నూరుకుంటే ఆ బెడద లేదు. శనగలు త్వరగా ఉడకాలని వేసే వంటసోడా, హోటలు నూడుల్స్‌లో చల్లే అజినమోటో, రెండింటిలోనూ సోడియమే ఉంది. అప్పడాల సంగతి చెప్పనక్కరలేదు. పూడిమడక వైపు నుంచి వచ్చే ఎండుచేప మా ప్రాంతంలో అందరికీ ప్రియమే. పెద్ద చేపను చీల్చి ఉప్పు దట్టించి ఎండబెట్టినదైతే వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి, కూరలో వేరే ఉప్పు వేయకూడదు. ఎస్‌ఈజెడ్ కంపెనీలలో షిఫ్టులు చేసే మన కుర్రవాళ్లు రాత్రి ఆకలికి చిప్సు ప్యాకెట్లు చింపుతారు. వారి డబ్బాలో వేయించిన వేరుశనగపప్పు, నిమ్మకాయ పిండిన ఉల్లిముక్కలు పెట్టి పంపే తల్లి వారికి ఎంతో మేలు చేసినట్టు. కొలిమి ముందు చెమటోడ్చేవారు మాత్రం తమకెంత ఉప్పు కావాలో డాక్టరునే అడగాలి.

సైంధవ లవణం, కాలా నమక్ వాడితే చాలునని కొందరంటారు. అవీ ప్రధానంగా సోడియం క్లోరైడే. పైగా సైంధవ లవణంలో సాధారణంగా అయొడిన్ కలపరు. వాడే కొద్దిపాటి ఉప్పూ అయొడిన్ ఉన్నదే కావాలి. పొటాషియం కలిపిన ఉప్పు వేరే రకం. చైనాలో 600 గ్రామాలలో, దాదాపు 21 వేల మందిపై సుమారు ఐదేళ్లు జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. నాలుగోవంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో ఇలాంటి ఉప్పును సూచించింది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పిల్లలకు ఆ సూచన వర్తించదని చెప్పింది. ఉద్దానం కిడ్నీ వ్యాధుల గురించి వినని ఇల్లు ఈ ఉత్తరాంధ్రలో ఉండదు. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో పొటాషియం పేరుకుంటే గుండెకే ముప్పు. కొన్ని బీపీ మాత్రలు వాడేవారికీ అదే ప్రమాదం. కనుక డాక్టరును అడగకుండా ఆ ప్యాకెట్టు కొనవద్దు. ఉప్పు తగ్గించాము కదా అని మాత్రలు మానవద్దు.

రమజాన్ నెలలో సహ్రీలో పచ్చడి, అప్పడం తిని పగలంతా దాహమో అని అల్లాడేవారు ఎందరో. సహ్రీలో పెరుగు, అరటిపండు, ఉప్పు తగ్గించిన ఖిచ్డీ ఖట్టా తిని చూడండి, తేడా మధ్యాహ్నానికే తెలుస్తుంది. ఇఫ్తార్‌కు మసీదులో గంజి వండే సోదరులకు కూడా మా విన్నపం ఒక్కటే. దేగ్‌లో ఉప్పు తగ్గించి వేయండి, చాలదన్నవారి కోసం పక్కన నిమ్మచెక్కల పళ్లెం పెట్టండి. వేసిన ఉప్పును దేగ్‌లోంచి తీసే ఉపాయం ఏ బావర్చీకీ తెలియదు.