దక్కనీ గుర్రం బీజాన్ని దాచుకుందాం

పాతబస్తీ బరాత్‌లలో పెళ్లికొడుకులు ఇప్పటికీ గుర్రమెక్కుతున్నారు. మరోపక్క మలక్‌పేట రేస్‌కోర్సు. గుర్రం కళ్లెదుటే తిరుగుతోంది కాబట్టి దానికొచ్చిన ముప్పు మనకు పట్టడం లేదు. 2012లో దేశంలో 6.25 లక్షలున్న గుర్రాలు, పోనీలు 2019 పశుగణన నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. భీమా నదీ తీరంలో పెరిగిన దక్కనీ గుర్రం భీమ్‌థడికి 2024 ఆరంభం నాటికి గానీ ప్రత్యేక జాతిగా గుర్తింపు దక్కలేదు. మహారాష్ట్రలో ధన్‌గర్ గొర్రెల కాపరుల సామాను మోసేది ఇదే. గుర్తింపు పత్రంతో జాతి నిలవదు. మేలైన మగగుర్రాల వీర్యాన్ని ఘనీభవింపజేసి భద్రపరిచే బాధ్యతను హైదరాబాద్ తలకెత్తుకోవాలి.

పాడి పశువుల విషయంలో ఇది మనకు అలవాటైన పనే. ఊళ్లలో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర నైట్రోజన్ క్యాన్‌తో వచ్చి ఎదకొచ్చిన గేదెకు సూది వేసి వెళ్తాడు. గుర్రం దగ్గర శ్రమ ఎక్కువ. సేకరించిన వీర్యంలోని జిగురును వడకట్టి, వెన్న తీసిన పాలతో చేసిన ద్రావణం కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గ్లిసరాల్ చేర్చి, అర మిల్లీలీటరు స్ట్రాలలో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచాలి. ఆ నైపుణ్యానికి పునాది మన ఊళ్లోనే ఉంది. అత్తాపూర్‌లోని సీసీఎంబీ ప్రయోగశాల లాకోన్స్ వన్యప్రాణుల వీర్యాన్ని, కణాలను నిల్వచేస్తోంది. కృత్రిమ గర్భధారణతో 2006లో చుక్కల జింకకు, 2007లో కృష్ణజింకకు పిల్లలు పుట్టించింది. పశువైద్య విశ్వవిద్యాలయం పక్కనే రాజేంద్రనగర్‌లో ఉంది. హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం మార్వారీ గుర్రాలపై గడించిన అనుభవమూ తోడవుతుంది.

రేసు గుర్రాలకు కృత్రిమ గర్భధారణ నిషిద్ధం కదా అనవచ్చు. ఆ నిబంధన థరోబ్రెడ్ స్టడ్‌బుక్‌లది, దక్కనీ గుర్రానికి వర్తించదు. ఫలితం తక్కువన్న మాటలో మాత్రం నిజముంది. కరిగించిన వీర్యకణాలు ఎక్కువసేపు బతకవు. అండం విడుదలయ్యే వేళను స్కానింగ్‌తో కనిపెట్టి, కొద్ది గంటల్లోపే వేయాలి. అన్ని మగగుర్రాల వీర్యమూ గడ్డకట్టడాన్ని తట్టుకోదు. అందుకే వీలైనన్ని ఎక్కువ మగగుర్రాల నుంచి సేకరించాలి. పేరున్న ఒకే గుర్రం వీర్యాన్ని ఊరూరా పంచితే జాతి వైవిధ్యం ఇంకా కుదించుకుపోతుంది. స్ట్రాలు మందకు ప్రత్యామ్నాయం కావు. కాపరికి గుర్రాన్ని పోషించుకునే ఆదాయం, పచ్చిక బయలు లేకపోతే ఆ నిల్వతో ఉపయోగం ఉండదు. కానీ ఒక్క అంటురోగం, ఒక్క కరవు మందను ఊడ్చేస్తే మళ్లీ లేవనెత్తడానికి ఆధారం ఆ నిల్వే. తెలంగాణ, మహారాష్ట్ర పశుసంవర్ధక శాఖలు చేతులు కలపాల్సింది ఇప్పుడే. ఆరోగ్యంగా ఉన్న మగగుర్రాలు మందలో ఉన్నప్పుడే వీర్యం తీయగలం, అవి పోయాక ఎంత డబ్బు పోసినా జాతి తిరిగిరాదు.