సగటు లెక్క చూపని కిక్కిరిసిన తరగతి

ప్రభుత్వ బడి గేటుకు ‘సీట్లు లేవు’ అని బోర్డు పెడితే అది వార్త అవుతుంది. 2021లో నెల్లూరు కేఎన్ఆర్ మున్సిపల్ హైస్కూలు దగ్గర అలాంటి బోర్డు కనిపించింది. సిద్దిపేట ఇందిరానగర్ జడ్పీ హైస్కూలుకూ ఆ పేరుంది. తల్లిదండ్రులు సర్కారు బడిని వెతుక్కుంటూ వస్తున్నారంటే సంతోషించాల్సిందే. అయితే లోపల ఒక్కో గదిలో ఎంతమంది కూర్చున్నారో కూడా చూడాలి.

6, 7, 8 తరగతుల్లో 35 మంది పిల్లలకు కనీసం ఒక ఉపాధ్యాయుడు, ప్రతి ఉపాధ్యాయుడికీ ఒక గది ఉండాలన్నది 2009 విద్యాహక్కు చట్టం. వెనుకబడిన వర్గాల పిల్లలు ఎక్కువగా ఉన్న చోట ఒక్కో ఉపాధ్యాయుడికి 25 మందిలోపే ఉండేలా చూడాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, శనక్కాయనే నమ్ముకుని బతికే అనంతపురం నేలకు ఆ మాట అన్నిటికన్నా ముందు వర్తించాలి.

వర్తించకపోవడానికి కారణం సగటు. పల్లెలో 12 మంది పిల్లలకు ఒక టీచరు, పట్నం హైస్కూల్లో ఒక సెక్షనుకు 60 మంది ఉన్నారనుకుందాం. అలాంటి పల్లె బడులు కొన్నిటిని ఆ సెక్షనుతో కలిపి భాగిస్తే కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ 60 మంది గదిలో 45 నిమిషాల పీరియడును పంచితే ఒక్కొక్కరికి దక్కేది 45 సెకన్లు. ఒక్కో నోటుబుక్కు దిద్దడానికి రెండు నిమిషాలు పట్టినా ఒక సెక్షనుకే రెండు గంటలు కావాలి. లెక్కల టీచరుకు అలాంటివి నాలుగైదు సెక్షన్లుంటే భిన్నాలు రాని పిల్లవాడు వెనక బెంచీలోనే ఉండిపోతాడు. అది టీచరు తప్పు కాదు.

గదులు చూడకుండా పిల్లలను చేరిస్తే ఏమవుతుందో 2022లో ఆంధ్రప్రదేశ్ చూసింది. 117 జీవో కింద 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్లకు తరలించారు. ఆ జూలైలో అనేక ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. దూరం గురించి జరిగినంత చర్చ ఇరుకు గురించి జరగలేదు. 2025 మేలో కొత్త ఉత్తర్వులతో ఆ విధానం మారింది. కానీ బడుల వసతులు మెరుగుపరిచే నాడు-నేడు పథకం రెండో విడతలో మొదలైన అదనపు గదులు చాలాచోట్ల సగంలోనే ఆగాయి.

కరువు సీమకు ఇంకో చిక్కుంది. ఏటా బడుల వివరాలు సేకరించే యూడైస్ లెక్కకు ప్రామాణికం సెప్టెంబరు 30. అప్పటికి ముంగారు శనక్కాయ ఇంకా చేలోనే ఉంటుంది. పంట పోయిందని తేలాక కొన్ని కుటుంబాలు బెంగళూరు బాట పడతాయి, కొన్ని అనంతపురం, గుంతకల్లు, కదిరి, హిందూపురం చేరతాయి. సంవత్సరం మధ్యలో వచ్చినా పిల్లలను చేర్చుకోవాల్సిందేనని విద్యాహక్కు చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. చేర్చుకోవడం న్యాయమే. కానీ టీచర్ల కేటాయింపు అప్పటికే ముగిసిపోతుంది. పిల్లలు వలస పోయిన బడిలో బెంచీలు ఖాళీగా ఉంటాయి, వలస వచ్చిన బడిలో పిల్లలు నేల మీద కూర్చుంటారు.

అందుకే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో డిసెంబరులో మరోసారి సెక్షన్లవారీగా పిల్లలను లెక్కించాలి. 35 దాటిన ప్రతి సెక్షనుకూ సంక్రాంతి సెలవుల తర్వాత తాత్కాలిక బోధకుణ్ని పంపాలి. సీజనల్ హాస్టళ్లను పంట కోతకు ముందే తెరిస్తే పిల్లలు సొంత ఊరి బడిలోనే ఉంటారు. సగంలో ఆగిన గదులకు నిధులిచ్చేటప్పుడు కిక్కిరిసిన బడులనే ముందు వరుసలో పెట్టాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు ప్రకటించిన ప్రభుత్వానికి ఇది మోయలేని భారం కాదు.

2025 జూలైలో శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు జడ్పీ హైస్కూల్లో తల్లిదండ్రులు, టీచర్ల సమావేశానికి (మెగా పీటీఎం) ముఖ్యమంత్రే హాజరయ్యారు. వచ్చే పీటీఎంలో ప్రతి ప్రధానోపాధ్యాయుడూ సెక్షన్లవారీ పట్టికను తల్లిదండ్రుల ముందు పెట్టాలి. పాఠశాల యాజమాన్య కమిటీ దానిపై తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి.