బోర్డు పోయిందా? ముందు ఆ బిళ్ల సంగతి చూడండి

కంప్యూటర్ ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు: ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’. కింద ‘ఎఫ్1 నొక్కండి’ అని ఇంకో లైను. ఎలాగోలా లోపలికి వెళ్తే డేట్ ఎప్పటిదో పాత సంవత్సరం. క్రోమ్ తెరిస్తే ‘మీ గడియారం వెనకబడి ఉంది’ అంటుంది, ఏ సైటూ తెరుచుకోదు. ఇంట్లోవాళ్లు నెట్ పోయిందంటారు, పక్కింటి అన్నయ్య వైరస్ అంటాడు, రిపేర్ షాపులో ‘మదర్‌బోర్డ్ పోయింది, మార్చాలి’ అంటారు. వేలల్లో బిల్లు కట్టే ముందు పది నిమిషాలు ఆగండి. చాలాసార్లు పోయేది బోర్డు కాదు, దాని మీదున్న రూపాయి బిళ్లంత బ్యాటరీ.

దాని పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. వాచీ షాపులో కూడా దొరుకుతుంది, మామూలుగా వంద రూపాయల లోపే. ప్లగ్ తీసేసినా గడియారం ఆగకుండా నడిపించేది ఇదే. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ-ఏటీలో ఈ పనికి మోటరోలా చిప్ ఒకటి పెట్టారు. దాని మెమరీ మొత్తం 64 బైట్లు! అందులో 14 గడియారానికి, మిగతా 50 సెట్టింగ్స్‌కి. మీరు పంపే ఒక్క వాట్సాప్ మెసేజ్ అంతకంటే పెద్దది.

మరి ‘చెక్‌సమ్’ ఏంటి? కిరాణా కొట్టాయన చిట్టా కింద మొత్తం వేసి పెట్టుకుంటాడు కదా. మర్నాడు మళ్లీ కూడితే లెక్క కుదరకపోతే ఎక్కడో అంకె చెరిగిందని తెలుస్తుంది. బయోస్ చేసేదీ అదే. లెక్క తేడా వస్తే ఆ సెట్టింగ్స్‌ని నమ్మదు, ఫ్యాక్టరీలో ఇచ్చిన వాటికి వెళ్లిపోతుంది.

మన దగ్గర దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ డెస్క్‌టాప్ గడియారం ఆ కరెంటు మీదే నడుస్తుంది, సెల్ జోలికి పోదు. ఉరుములొస్తే స్విచ్ కట్టేస్తాం, సెలవులకి ఊరెళ్తూ ప్లగ్ పీకేస్తాం. అది మంచి అలవాటే గానీ ఆ రోజులన్నీ బిళ్ల ఖాతాలోకే వెళ్తాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటప్పుడు మేడ మీదికి ఎక్కించి కాపాడుకున్న సిస్టమ్‌లో కూడా, సెల్ అప్పటికే నీరసంగా ఉంటే ఈ ఎర్రర్ రావచ్చు.

కానీ నీళ్లలో మునిగిన సిస్టమ్ సంగతి వేరు. దానికి రీసెట్ మందు కాదు. ‘పనిచేస్తుందేమో చూద్దాం’ అని అస్సలు ఆన్ చేయొద్దు. ప్లగ్ తీసి, బిళ్ల కూడా తీసేయండి. అది ఉన్నంతసేపూ తడి బోర్డులో కరెంటు పారుతూ తుప్పుకి దారిస్తుంది. బురద కడిగి ఆరబెట్టే పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

పొడి సిస్టమ్ అయితే ఇలా చేయండి. ముందు తేలిక దారి: ఆన్ చేస్తూనే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే (హెచ్‌పీలో ఎఫ్10) బయోస్ తెరుచుకుంటుంది. అందులో ‘లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్’ లాంటి మాట వెతికి ఎంచుకోండి, డేట్, టైమ్ సరిచేసి సేవ్ చేయండి. అసలు బయోసే రాకపోతే డెస్క్‌టాప్‌కి రెండో దారి ఉంది. ప్లగ్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు దిగిపోతుంది. బిళ్ల తీసి ఐదు, పది నిమిషాలాగి కొత్తది పెట్టండి, ప్లస్ గుర్తు పైకి ఉండాలి. ల్యాప్‌టాప్‌ని మాత్రం ఇంట్లో విప్పొద్దు. కొత్త వాటిలో చాలావరకు సెట్టింగ్స్ ఫ్లాష్ చిప్‌లో ఉంటాయి, బిళ్ల తీసినా చెరగవు.

ఫోన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ అంటే ఫొటోలన్నీ గోవిందా. ఇక్కడ అలా కాదు, బయోస్ రీసెట్ మీ ఫైల్స్‌ని ముట్టుకోదు. అయితే ఒక మెలిక ఉంది, ఇదే అసలు ప్రమాదం. చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డ్రైవ్‌కి తాళం పడిపోతుంది. దాని పేరు బిట్‌లాకర్. బయోస్ సెట్టింగ్స్ మారితే అది అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కీ లేకపోతే డ్రైవ్‌లో ఉన్న ఫైనలియర్ ప్రాజెక్ట్, ఇంటి ఫొటోలు మీ కళ్లముందే ఉన్నా మీవి కావు. ఏ షాపువాళ్లూ తెరవలేరు. అందుకే సిస్టమ్ బాగున్న రోజే, అంటే ఇవాళే, ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఆ కీ ఉందో లేదో చూడండి. ఉంటే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మీకు గుర్తుందా? అమ్మేసిన ఫోన్ నంబర్‌కే ఓటీపీ వెళ్తుందా? అదీ చూసుకోండి.

రీసెట్ తర్వాత చిన్న చిన్న తేడాలొస్తే కంగారొద్దు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ మొరాయిస్తే వర్చువలైజేషన్ ఆఫ్ అయినట్టే, మళ్లీ ఆన్ చేయండి. ర్యామ్ స్పీడ్ తగ్గితే ఎక్స్ఎంపీ ఆన్ చేయండి. విండోస్ బ్లూ స్క్రీన్ దగ్గరే ఆగిపోతే స్టోరేజ్ మోడ్ మారిందేమో చూడండి. ముందు ఏఎహెచ్‌సీఐ ఉందో, రెయిడ్ ఉందో అదే పెట్టాలి. అందుకే రీసెట్‌కి ముందు బయోస్ పేజీలన్నిటికీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోవడం మేలు.

ఇవన్నీ చేశాక కూడా తెర వెలగకపోతే అప్పుడు షాపుకెళ్లండి. ‘బిళ్ల మార్చాను, డిఫాల్ట్స్ లోడ్ చేశాను, అయినా రావట్లేదు’ అని చెప్పండి. ఆ ఒక్క మాటతో అవతలివాళ్లు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.