పిఠాపురము వారి తీర్పు

ఒకమారు గెలిపించిన వానిని మరుసటిమారు గెలిపింపకుండుట పిఠాపురము శాసనసభా నియోజకవర్గము వారికి ఆచారమైపోయినది. 1983, 1985 సంవత్సరములలో శ్రీ వెన్న నాగేశ్వరరావు తెలుగుదేశము పక్షమున వరుసగా రెండు మారులు ఎన్నికైరి. ఆ తరువాత 1989 మొదలు 2024 వరకు ఎనిమిది సాధారణ ఎన్నికలు జరిగినవి. వానిలో ఏ సభ్యునికిని, ఏ పార్టీకిని వెంటవెంట రెండు విజయములు దక్కలేదు. ఇది చాపల్యమని కొందరందురు. చైతన్యమని కొందరు కొనియాడుదురు. ఈ రెండు మాటలును మాకు పూర్తిగా సమ్మతములు కావు.

పిఠాపురము వోటు విలువ నెరుగని సీమ కాదు. సూర్యారాయాంధ్ర నిఘంటువునకును, కాకినాడ కళాశాలకును పోషకులైన మహారాజావారు రాజకీయములందును ప్రవేశించి, జస్టిసు పార్టీతో పొసగక, 1936 ప్రాంతమున పీపుల్సు పార్టీ యను వేరొక పక్షమును స్థాపించిరి. నాడు వోటు హక్కు అందరికిని లేదు; ముఖ్యముగా ఆస్తియో పన్నో గలవారికే అది దక్కెను. అట్టి పరిమితమైన వోటర్లే 1937లో మద్రాసు శాసనసభయందలి 215 స్థానములలో 159 స్థానములను కాంగ్రెసున కిచ్చిరి. జమీందారుల పక్షములు నిలువజాలకపోయెను. 1948లో ఎస్టేట్ల రద్దు శాసనము వచ్చెను. స్వతంత్ర భారతమున ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతివానికిని వోటు లభించెను. 1989 నుండి ఆ వయస్సు పదునెనిమిది యేండ్లకు తగ్గినది. దివాణము గుమ్మముకడ చేతులు కట్టుకొని నిలిచిన కుటుంబములవారే నేడు సభ్యుల నియామకమున న్యాయాధిపతులు.

ఆ న్యాయాధిపతుల తీర్పులను వరుసగా చూతము. 1989లో కాంగ్రెసునకును, 1994లో మరల శ్రీ వెన్న నాగేశ్వరరావునకును విజయము లభించెను. 1999లో స్వతంత్రుడైన శ్రీ సంగిశెట్టి వీరభద్రరావు నెగ్గిరి. 2004లో శ్రీ పెండెం దొరబాబు భారతీయ జనతా పార్టీ పక్షమున గెలిచిరి. ఆ యేట రాష్ట్రమంతటను ఆ పార్టీకి దక్కినవి రెండే స్థానములు. 2009లో ప్రజారాజ్యము తరఫున శ్రీమతి వంగా గీత ఎన్నికైరి. 2014లో తెలుగుదేశము టిక్కెట్టు నిరాకరింపబడిన శ్రీ ఎస్.వి.ఎస్.ఎన్. వర్మ స్వతంత్రుడుగా నిలిచి 47 వేలకు పైబడిన ఆధిక్యముతో గెలిచిరి. 2019లో శ్రీ దొరబాబు వై.యస్.ఆర్. కాంగ్రెసు పక్షమున తిరిగి వచ్చిరి. 2024లో శ్రీ వర్మ పోటీనుండి తొలగి చోటీయగా, జనసేన నాయకుడు శ్రీ పవన్ కల్యాణ్ శ్రీమతి గీతపై 70,279 వోట్ల ఆధిక్యముతో నెగ్గి ఉపముఖ్యమంత్రి యైరి. అంతకు ఐదేండ్లకు ముందు ఆయన భీమవరమునందును గాజువాకయందును ఓడినవారే.

ఈ పట్టికలో ఒక విశేషము కలదు. 1999, 2004, 2009, 2014 ఎన్నికలు నాల్గింటను రాష్ట్రమున ఏ పార్టీ అధికారమునకు వచ్చెనో ఆ పార్టీకి పిఠాపురము వోటు వేయలేదు. రాష్ట్రమంతయు ఒక గాలికి వంగుచుండగా ఎదురు నిలుచుట సామాన్యమైన ధైర్యము కాదు. అయితే ఆ ధైర్యము ఎన్నిక దినముతోనే ముగిసినది. ప్రజారాజ్యము 2011లో కాంగ్రెసునందే లీనమయ్యెను. 2014లో స్వతంత్రుడై గెలిచినవారు తమకు టిక్కెట్టు నిరాకరించిన పార్టీలోనికే పోయి, 2019లో ఆ పార్టీ గుర్తుపైననే పోటీ చేసిరి. వోటరు గాలికి ఎదురు నిలువగా, ఆ వోటు గాలివాటమున కొట్టుకొనిపోయెను. నడుమ ఐదేండ్లలో ఎవరిని ఏమని అడుగవలెనో వోటరునకు తోచలేదు.

ఇందువలన నష్టమెవరికి? ఏలేరు నడిగిన చెప్పును. ఏలేశ్వరముకడ జలాశయమున నిలిచిన నీరు విశాఖ ఉక్కు కర్మాగారమునకు సైతము పోవుచున్నది. వేసవిలో శివారు చేలకు నీరందదు. వానకాలమున గండ్లుపడి పంట మునుగును. 2024 సెప్టెంబరులో గొల్లప్రోలు ప్రాంతమున చేలును ఇండ్లును జలమయములైనవి. కాలువ పూడిక తీయుట, గట్లు బలపరచుట ఒక యేటిలో ముగియు పనులు కావు. ఉప్పాడ మాట మరింత దుఃఖకరము. జాందానీ నేతకు ప్రసిద్ధికెక్కిన ఆ గ్రామమును సముద్రము ఏటేట కోసికొనుచున్నది. అలల నాపుటకై వేసిన గొట్టపు గోడ చెదరెను. ప్రతి తుపానునకును కాకినాడ పోవు రోడ్డు తెగుచున్నది. ఇట్టి పనులకు పదియేండ్ల పట్టుదల కావలెను. ప్రతి సభ్యుడును తాను మొదలిడిన పనిని మరియొకనికి విడిచిపోవుచుండగా, ముందువాడు మొదలిడిన దానియందు వెనుకటివానికి శ్రద్ధ యెట్లుండును?

అట్లని పనికిమాలిన సభ్యుని మరల గెలిపింపుడని మేము చెప్పము. ఒక్కరినే నమ్మి కూర్చున్నచో పాత జమీందారీ కొత్త పేరుతో వచ్చునను భయము నిరాధారము కాదు. సభ్యుని మార్చుట వోటరు హక్కు. సభ్యుడు మారినను పని మారకుండ చూచుకొనుట వోటరు ధర్మము. ఎన్నికలు వచ్చినపుడెల్ల ఏ కులమువారు ఎందరను లెక్క ప్రతివాని నోటను పలుకును. ఏలేటి శివారు చేనికి నీరెన్ని దినములు వచ్చెనని అడిగినచో ఎవరును బదులు చెప్పరు. ఈ రెండవ లెక్క నేర్చిననాడు మొదటి లెక్క తానై మరుగుపడును.

కావున పిఠాపురము, గొల్లప్రోలు, కొత్తపల్లి మండలముల భూస్వాములకును పట్టణవాసులకును మా మనవి యొక్కటి. 1997 నాటి శాసనము ననుసరించి యేర్పడిన నీటి సంఘములు మీకు కలవు. వర్తక సంఘములును నేతగాండ్ర సంఘములును కలవు. అవి కూడి ఏలేరు పని, ఉప్పాడ పని యేటేట ఎంతవరకు వచ్చినదో ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. సంవత్సరమున కొకమారు సభ్యుని పిలిచి సభలో దానిని చదివి వినిపింపవలెను. సభ్యుడు ఉపముఖ్యమంత్రి యైనను, ఏ పదవియు లేనివాడైనను ఈ మర్యాద ఒక్కటే. 2029లో వోటు వేయబోవు ముందు ఆ పుస్తకమును తెరచి చూచినచో, పాత సభ్యుని నిలుపుటయో తొలగించుటయో ఏది చేసినను అది నిజమైన తీర్పగును. సాక్ష్యము లేకుండ చెప్పిన తీర్పు ఎంత ధైర్యముగా చెప్పినను తీర్పు కానేరదు.