పుట్టింటి పేరు దక్కని ఆడపడుచు

పెళ్ళయిన ఆడపిల్లకు ఇంటిపేరు మారడం మనకు తెలిసిందే. నీళ్ళలో తిరిగే ప్రాణికి కూడా ఆ గతి పట్టిందంటే నమ్ముతారా? 1852లో విశాఖపట్నం రేవులో ఒక డాల్ఫిన్ దొరికింది. ముందుకు పొడుచుకొచ్చిన ముట్టె లేదు, గుండ్రటి తల, బూడిదరంగు ఒళ్ళు. దాన్ని ఆధారం చేసుకుని 1866లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఆ జాతిని లోకానికి పరిచయం చేశాడు. తీరా నిలిచిన పేరేమో బర్మా నదిది. ఇరావడి డాల్ఫిన్!

సరే, పేరు పోతే పోయింది, ప్రాణాలతో ఉంటే చాలుననుకుందాం. అదీ అనుమానంలోనే పడింది. లావోస్, కంబోడియాల సరిహద్దులో మెకాంగ్ నది మడుగులో మిగిలిన ఒకే ఒక్కటి 2022లో చనిపోయింది. మన దేశంలో వీటికి పెద్ద దిక్కు ఒడిశాలోని చిలికా సరస్సు. అక్కడున్నవి 150కి అటూ ఇటూ.

"గా చేపలు పోతే మనకేందక్కా? పరకాలకు సముద్రమెక్కడ, మనమెక్కడ?" అంది మా పక్కింటావిడ.

అది చేప కాదు తల్లీ! ఊపిరి కోసం నీటిపైకి రావాలి. పిల్లను కని, మనలాగే పాలిచ్చి పెంచుతుంది. 14 నెలలు మోస్తే ఒక్క పిల్ల. రెండు మూడేళ్ళు గడిస్తే గానీ మరో కాన్పు లేదు. వలలో చిక్కిందా, పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. ఆ ఒక్క చావు పూడాలంటే ఏళ్ళు పడుతుంది.

జాలరిని తిట్టడం తేలిక. అతను వల వేసేది పొట్టకోసం. మరి మనం? పూరీలో జగన్నాథుడికి దణ్ణం పెట్టుకుని, సాతపడా వెళ్ళి మోటారు పడవ ఎక్కుతాం. "ఇంకా దగ్గరికి పోనియ్ బాబూ, ఇంకో వంద ఇస్తాం" అంటాం. ఆ వందకు ఆశపడి అతను పడవను వాటి మీదికే తోలతాడు. కింద తిరిగే మోటారు రెక్క తల్లికి తగులుతుందో, పిల్లకు తగులుతుందో ఎవరు చూడొచ్చారు? బాలింత గదిలోకి డప్పులు కొట్టుకుంటూ పోతామా?

పడవవాళ్ళు బతకొద్దా అంటారు. బతకాలి. డాల్ఫిన్లుంటేనే కదా జనం వచ్చి పడవెక్కేది! దూరంగా ఇంజను ఆపి చూపించినా అదే కిరాయి ఇవ్వండి, ఎవరు వద్దన్నారు?

1972 నాటి వన్యప్రాణి చట్టం వీటిని మొదటి షెడ్యూలులోనే పెట్టింది. కానీ పడవలో చట్టం వచ్చి మన పక్కన కూచోదు. కూచునేది మనమే.

మనుషులు తలుచుకుంటే కాదా అంటే, అదే చిలికా సాక్ష్యం. పూడిక పడి చెడిపోతుంటే 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. సరస్సు తేరుకుంది. 2002లో ప్రపంచ ప్రమాద జాబితాలోంచి బయటపడింది. అంత పెద్ద పని వాళ్ళు చేశారు. మనల్ని అడిగేది ఒక్క చిన్న మాట. ఈసారి పడవెక్కినప్పుడు "దగ్గరికి పో" అనకుండా, "ఇక్కడే ఆపు బాబూ" అనండి.